వంద దగ్గర ఆగిపోయిన పాదరసం

కిందటివారం మనం ఆ ఇంటి గుమ్మం దిగి వచ్చేసరికి ఇరవై ఒకటో రోజు పొద్దు గుంకింది, గుడ్ల పెట్టెలో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మరచిపోయినవారికి నాలుగు ముక్కలు. ఆ ఇంటి అత్తగారికి కోళ్లంటే ప్రాణం. మెడ మీద ఒక్క ఈకైనా ఉండని జాతి అవి. చూసినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత రెండు గుడ్లివ్వమని అడుగుతారు. మొన్నటి వానల్లో తెగులు తగిలి గూడంతా ఊడ్చుకుపోగా మిగిలింది ఒకే ఒక్క పెట్ట. బోడిమెడ చాచి ఇంటిల్లిపాదినీ తన జీతగాళ్లలా చూస్తుంది గనక దాని పేరు దొరసాని. అది తొమ్మిది గుడ్ల మీద కూర్చుని, అయిదో రోజున మాయమైంది. కుక్క కరచుకుపోయిందని పెద్దకొడుకు వచ్చి చెప్పాడు. గుడ్లు చల్లారకముందే చిన్నకోడలు పూనుకుంది. ముందుగదిలో మిక్సీలూ ఇస్త్రీ పెట్టెలూ బాగుచేసే మనిషి కాబట్టి చేతిలో పని ఉంది, మూల పాత టీవీ చెక్కపెట్టె ఉంది. దానికి లోపల థర్మోకోల్ అంటించి, బల్బు పెట్టి, చిన్న ఫ్యాను తిప్పి, పొదిగే పెట్టె చేసింది. పాత అద్దం ముందు అలాగే ఉంది. రెండున్నర వారాలుగా ఆ టీవీలో ఒకటే ప్రోగ్రామని వీధంతా నవ్వుకుంటోంది.

పెద్దకొడుక్కి పార్సిళ్లు వేసే వ్యాను ఉంది. కోళ్ల గూడున్న చోట దానికి షెడ్డు కట్టాలని అతని పట్టుదల. “ఇరవై ఒక్క రోజులమ్మా. పైన ఒకరోజు ధర్మానికి. ఇరవై రెండో రోజు మిల్లు సైరన్ పన్నెండు కొట్టేలోగా ఒక్క పిల్ల కనబడితే నేను గూడు జోలికి రాను. లేదంటే మేస్త్రి వస్తాడు” అన్నాడు. “సరే రా” అంది తల్లి. ఆ జాతి కోడి చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఈ గుడ్లు పోతే జాతీ పోయినట్టే, గూడూ పోయినట్టే.

ఇవాళ ఇరవై రెండో రోజు.

తెల్లవారుతూనే ఇంట్లో అందరూ కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. ఒక్క అత్తగారే నెమ్మదిగా, గోడ పట్టుకుని, నిండు చూలాలిలా నడుస్తోంది. నడుం పట్టిందేమో అనుకున్నారు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. చిన్నకోడలు పెట్టె మీద దుప్పటి కప్పి, ముందు స్టూలేసుకుని కూర్చుంది. తొమ్మిదైంది, తొమ్మిదీ పావైంది, కరెంటు జాడ లేదు.

దుప్పటి అంచు ఎత్తి అద్దంలోంచి చూసింది. లోపల గోడకు మామగారు ప్లాస్టరుతో అంటించిన థర్మామీటరు ఉంది. పాదరసం నిక్కచ్చిగా వంద దగ్గర నిలబడి ఉంది.

“హమ్మయ్య” అనుకుంది. అనుకుని, ఊరికే అద్దం మీద అరచేయి ఆనించింది.

అద్దం చల్లగా ఉంది.

మళ్లీ పాదరసం చూసింది. మళ్లీ చేయి ఆనించింది. ఆమెకు రిపేరు పని నేర్పిన మెకానిక్ మొదటిరోజే చెప్పిన మాట ఒకటుంది: మీటరుకీ చేతికీ గొడవొస్తే ముందు మీటరును అనుమానించు. లేచి గోడనున్న క్యాలెండరు దగ్గరికి పోయింది. పెట్టె మొదలైన రోజు నుంచీ ప్రతి గడిలోనూ మామగారి గుండ్రటి రాత: వంద, వంద, వంద. వానపడ్డ రోజున వంద. రెండుసార్లు కరెంటు పోయి మూడేసి గంటలు రాని రోజుల్లోనూ వందే. వచ్చినవాళ్లందరికీ ఆయన ఆ క్యాలెండరు చూపించి, “ఒక్క గీత కదిలిందేమో చూడండి” అని మురిసిపోయేవాడు. ఆమె కూడా ఆయన పక్కనే నిలబడి మురిసింది. ఇప్పుడు ఆ గడులను చూస్తుంటే చెంప చెళ్లుమన్నట్టయింది. ప్రపంచంలో ఏ వేడైనా ఇన్ని రోజులు ఒక్క గీత కదలకుండా ఉంటుందా?

“మామయ్యా!”

మామగారు నలభై ఏళ్లు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయిన మనిషి. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా జేబులో థర్మామీటరు కేసు లేకుండా గుమ్మం దాటడు. ఆ కేసులోంచి ఒకటి తీసి పెట్టెకు దానం చేసింది ఆయనే.

“పిల్ల బయటికొచ్చిందా?” అంటూ ఒక చెప్పుతోనే వచ్చాడు.

“రాలేదు. మామయ్యా, కరెంటు పోయి గంటంపావైంది. పెట్టె చల్లబడిపోయింది. పాదరసం ఎందుకు దిగలేదు?”

“ఎందుకు దిగుతుంది? నువ్వు వేసిన థర్మోకోల్ అలాంటిది. ఎంత బాగా చేశావో నీకే తెలీదు.”

“చెయ్యి పెట్టి చూడండి.”

“చెయ్యి పెట్టి జ్వరం చూసేవాళ్లని నలభై ఏళ్లు తిట్టానమ్మాయ్. ఇప్పుడు నన్నే చెయ్యి పెట్టమంటావా?”

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఆ సంగతి తెలిసే ఆమె దారి మార్చింది.

“పోనీ, ఒకటి చెప్పండి. ఆస్పత్రిలో ఒకరి నోట్లోంచి తీసిన థర్మామీటరు ఇంకొకరికి పెట్టేముందు ఏం చేసేవారు?”

“స్పిరిటుతో తుడిచేవాణ్ణి.”

“తర్వాత?”

“తర్వాతేముంది, గట్టిగా విదిలించి...”

ఆయన కుడిచెయ్యి అలవాటుగా గాల్లోకి లేచింది, మణికట్టు దగ్గర ఒక్క విదిలింపు విదిలించింది, అక్కడే ఆగిపోయింది. ఆ చేతిని తనది కానట్టు చూసుకున్నాడు.

జ్వరం చూసే థర్మామీటరు సంగతి మీకూ నాకూ తెలిసిందే. ఎక్కడం దానంతట అదే ఎక్కుతుంది. దిగడం మాత్రం దానికి చేతకాదు, మనం విదిలించాలి. మొదటిరోజు మధ్యాహ్నం ఎండకు పెట్టె వందకు ఎక్కింది, పాదరసమూ ఎక్కింది. ఆ తర్వాత పెట్టె ఎంత చల్లబడినా అది వంద దగ్గరే ఉండిపోయింది. తలుపు తీస్తే వేడి పోతుందని గుడ్లను బయటి కడ్డీతోనే దొర్లించారు, తేమ కోసం నీళ్లు గొట్టంలోంచే పోశారు. పదోరోజున గుడ్లను లైటు ముందు చూడటానికి ఒక్కసారి తలుపు తీసినా థర్మామీటరు జోలికెవరూ పోలేదు. కాంపౌండరు అంటించిన ప్లాస్టరు మరి! వేలమందికి విదిలించిన చెయ్యి, ఇంట్లో ఒక్కసారి విదిలించడం మరిచిపోయింది.

అప్పుడే బల్బు వెలిగింది. కరెంటొచ్చింది.

ఆయన తలుపు తీసి, ప్లాస్టరు ఊడబెరికి, థర్మామీటరును నాలుగు విదిలింపులు విదిలించి మళ్లీ లోపల పెట్టాడు. ఆ తలుపు తెరిచిన కాసేపట్లోనే కోడలి కళ్లు ట్రే మీద పడ్డాయి.

“మామయ్యా, ఎనిమిదే ఉన్నాయి.”

“తొమ్మిది కదా?”

“నిన్న రాత్రి తొమ్మిది. ఇప్పుడు ఎనిమిది. మీరేమైనా తీశారా?”

“నేనెందుకు తీస్తానమ్మా!”

పొద్దున్నే పెట్టె చుట్టూ తచ్చాడింది బావగారొక్కడే. ఆమె పళ్లు కొరికింది గానీ, ముందు పాదరసం సంగతి తేలాలి. ఇద్దరూ పక్కపక్కనే మోకాళ్ల మీద కూర్చుని అద్దానికి ముక్కులానించారు. పది నిమిషాలకు తొంభై ఆరు. పావుగంటకు తొంభై ఏడు. అరగంటకు తొంభై ఏడున్నర. ఆ తర్వాత ఇంకో గంట చూసినా తొంభై ఏడున్నరే. ఆ బల్బు చేతనైనంత వెలుగుతూనే ఉంది, దానికి చేతనైంది అంతే.

కాంపౌండరు కిందనే చతికిలబడ్డాడు. “మీ అత్తయ్యకు ఏం మొహం చూపించను? దొరసాని పిల్లల్ని నేనే చలికి చంపేశాను” అన్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. అంతలోనే ఏదో తట్టి నవ్వొచ్చింది.

“లేవండి మామయ్యా! ఇది వంద దాటి ఎప్పుడైనా ఎక్కిందా?”

“ఎక్కితే చూపించేది కదా. ఎక్కడం దానికి బాగా వచ్చు.”

“అదీ సంగతి! ఎంతకు దిగిందో చెప్పలేదు గానీ, ఎంతకు ఎక్కలేదో చెప్పింది. ఉడకలేదు మామయ్యా. పెద్ద చలీ కాదు, తొంభై ఏడు. గుడ్లు చావలేదు, వెనకబడ్డాయంతే. ఇరవై ఒక్క రోజుల లెక్క వంద వేడికి. వీటికి ఇంకొకటో రెండో రోజులు ఎక్కువ పడుతుంది!”

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. “నిజమేనా?”

“చూద్దాం. టార్చి ఇవ్వండి.”

ముందు నలభై బల్బు తీసి అరవై బిగించింది. తర్వాత తన దుకాణం గది షట్టరు బర్రుమని కిందికి దించింది. చీకటైన గదిలో అట్టముక్కను చుట్ట చుట్టి టార్చికి తొడిగి, ఒక్కొక్క గుడ్డునూ ఆ వెలుగు మీద నిలబెట్టింది. మొదటి గుడ్డు పైన గాలి ఉన్న భాగం మాత్రం వెలిగింది, కిందంతా నలుపు. నలుపు కదల్లేదు. రెండోదీ అంతే. మూడోది పెట్టింది.

గుడ్డు పైభాగంలోని ఆ గాలి గదిలోకి ఒక చిన్న నీడ పొడుచుకొచ్చింది. ఆగింది. చటుక్కున వెనక్కి పోయింది.

“చూశారా?”

“ముక్కు... ముక్కమ్మాయ్ అది!” కాంపౌండరు గొంతు కీచుమంది. “నలభై ఏళ్లలో ఎందరి గుండె విన్నానో, ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు!”

నాలుగోది కదిలింది. అయిదోది ఏకంగా తన్నింది. మొత్తం ఎనిమిదింట్లో అయిదు కదిలాయి. మిగతా మూడింటినీ “నిద్రపోతున్నాయి, పోనీ” అని ఆయనే మళ్లీ ట్రేలో పెట్టేశాడు. మామాకోడళ్లు ఆ చీకటి గదిలో చిన్నపిల్లల్లా ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపుకున్నారు. షట్టరు ఎత్తేసరికి గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. పెరట్లోంచి గునపం రాతికి తగిలిన చప్పుడు.

ఇద్దరూ పరుగెత్తారు.

పెరట్లో మేస్త్రి గునపం మొన సరిచూసుకుంటున్నాడు. పెద్దకొడుకు వాచీ చూసుకుంటున్నాడు, గూడు వంక మాత్రం చూడటం లేదు. గూటి ముందు గడపరాయి మీద అత్తగారు కూర్చుని ఉంది. కొంగు ఒళ్లంతా కప్పుకుని, రెండు చేతులూ దాని కింద పెట్టుకుని, పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. టీ తెచ్చి ఇచ్చినా చెయ్యి బయటికి తీయలేదట.

“బావగారూ, ఆపండి! గుడ్లు బతికే ఉన్నాయి. అయిదు కదులుతున్నాయి, మామయ్య కూడా చూశారు.”

“బయటికొచ్చాయా?”

“రాలేదు. నీడ కదిలింది.”

“నీడా?” అతను నవ్వాడు గానీ, ఆ నవ్వులో పస లేదు. “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! పిల్ల కనబడాలని కదమ్మా మాట?”

“థర్మామీటరు తప్పు చెప్పింది బావగారూ. పెట్టె వేడి తక్కువైంది. అందుకే ఆలస్యం. ఇంకో రెండు రోజులు...”

“నిన్నటిదాకా వంద, వంద అని వీధంతా టముకేశారు. ఇవాళ తొంభై ఏడంటున్నారు. ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ కోడిగుడ్డు మీద ఈకలు పీకడం?”

“ఈకలు తర్వాత పీకుతాను, ముందు తొమ్మిదో గుడ్డు ఎక్కడుందో చెప్పండి!” ఆమెకు బావగారన్న బెరుకు కూడా పోయింది. “పొద్దున్నే పెట్టె దగ్గర మీరే తిరిగారు.”

“నేనా?” అతని మొహం కందిపోయింది. “ఆ పెట్టె మొహం చూడటమే నాకిష్టం లేదు. ఆ గుడ్లు, ఈ గూడు, ఏదీ నా కళ్లబడకుండా పోతే చాలు. నీకు తెలీదమ్మా, పోనీ వదిలెయ్!”

కోపంతో మొదలైన మాట చివరికొచ్చేసరికి బతిమాలినట్టయింది. కాంపౌండరు కొడుకు వంక వింతగా చూశాడు. ఏదో అడగబోయాడు.

మిల్లు సైరన్ కూసింది.

మేస్త్రి ఇబ్బందిగా తలగోక్కుని, “అమ్మా, నాకు గూడైనా ఒకటే, షెడ్డైనా ఒకటే. రమ్మన్నారు, వచ్చాను. కాస్త లేస్తే పక్కగోడ నుంచి మొదలెడతాను” అన్నాడు.

అత్తగారు లేవలేదు.

“అమ్మా, లే. మాట మాటే” అన్నాడు పెద్దకొడుకు.

ఆమె లేవలేదు. మేస్త్రి పక్కగోడ దగ్గరికి పోయి గునపం ఎత్తాడు.

“కీచ్.”

గునపం గాల్లోనే ఆగింది. మేస్త్రి తన చెప్పు ఎత్తి కింద చూసుకున్నాడు. “ఎలుకేమో” అన్నాడు.

“కీచ్. కీచ్.”

చిన్నకోడలు ఇంటివైపు చూసింది. పెట్టె అక్కడెక్కడో ముందుగదిలో ఉంది. ఈ కూత పెట్టెలోంచి రావడం లేదు. అందరి తలలూ మెల్లగా ఒకే వైపు తిరిగాయి. గడపరాయి మీద అత్తగారి మొహంలో పొద్దుటి నుంచీ లేని రక్తం పొంగుకొచ్చింది. ఎప్పుడో పెళ్లినాటి సిగ్గులాంటిదేదో కూడా వచ్చింది. కొంగు తీసింది. నడుం దగ్గర చీరమడతల్లో, మెత్తటి తువ్వాలులో చుట్టిన గుడ్డు ఉంది.

“అత్తయ్యా! మీరా?”

“తిట్టకే. తెల్లారుతూనే మనసు ఆగలేదు. చచ్చాయో బతికాయో, ఒక్కటి పగలగొట్టి చూసేస్తే తేలిపోతుంది కదా అని తీశాను. గడప దాకా తెచ్చాను. చెయ్యి రాలేదు, నడుంలో దోపుకున్నాను. మళ్లీ పెడదామని వచ్చేసరికి కరెంటు పోయింది. చల్లటి పెట్టెలో ఎలా పెట్టనే? ఇక్కడే ఉంచేశాను. నాలుగు గంటలైంది, ఒంగలేదు, తుమ్మలేదు.”

కాంపౌండరు జేబులోంచి రెండో థర్మామీటరు తీశాడు. ఈసారి అందరూ చూసేలా, లెక్కపెట్టి మరీ ఆరుసార్లు విదిలించాడు. భార్య నడుం మడతలో గుడ్డు పక్కన పెట్టి, మూడు నిమిషాలు వాచీ చూసి, తీసి ఎండలోకి ఎత్తాడు.

“తొంభై ఎనిమిది! మన పెట్టె కన్నా మా ఆవిడే నయం!” అంటూ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మేస్త్రి గునపం గోడకానించి తనూ నవ్వాడు.

గుడ్డు మీద సన్నటి గీత. చూస్తుండగానే అది నక్షత్రంలా చీలింది. పెంకు చిన్న ముక్క లేచి, కింద తెల్లటి మొన ఒకటి, నువ్వుగింజంత, బయటికొచ్చి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది.

“బావగారూ, కనబడిందా లేదా? సైరన్ కొట్టాక కదా అంటారేమో, అనండి! కూసింది మాత్రం మీ గునపం పడకముందే!”

పెద్దకొడుకు వాచీ చూడలేదు. దొరసాని పోయాక మొదటిసారి గూడు వైపు అడుగేశాడు, రెండో అడుగు వేశాడు, తల్లి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ తెల్లటి మొన వంకే చూస్తున్నాడు.

“అమ్మా, దొరసానిని కుక్క ఎత్తుకుపోలేదు.”

వాకిట్లో ఆగి ఉన్న వ్యాను చక్రాల వైపు చిన్నకోడలి చూపు తనంతట తనే పోయింది. కాంపౌండరు ఒక అడుగు ముందుకేశాడు.

అత్తగారు భర్తను కళ్లతోనే ఆపింది. కొడుకును తిట్టలేదు, ఏమైందనీ అడగలేదు. తువ్వాలుతో సహా గుడ్డును రెండు చేతులతో తీసి, అతని రెండు అరచేతుల్లో పెట్టి, ఆ చేతుల చుట్టూ తన చేతులు మూసింది.

“గట్టిగా పట్టుకోకు. కింద పెట్టకు. లేచి పోవడానికి వీల్లేదు, ఇది చల్లబడుతుంది” అంది. “ఇప్పుడు చెప్పు.”

అతని చేతుల్లో గుడ్డు లోపలినుంచి టక్కుమంది.